గాలి మోసిన ఆజ్ఞలు: టర్బో కార్ల గొట్టాల చరిత్ర

టర్బోచార్జర్ అమర్చిన స్పోర్ట్స్ కార్లలో, ముఖ్యంగా 1980, 1990 దశకాల్లో జపాన్‌లో తయారైన వాటిలో, ఇంజిన్ చుట్టూ అల్లుకొని ఉండే సన్నని రబ్బరు గొట్టాల్లో చాలా భాగం ఇంధనాన్ని గానీ నీటిని గానీ మోయవు. అవి మోసేది గాలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గులను మాత్రమే. ఏ కవాటం ఎప్పుడు తెరుచుకోవాలో, ఏ టర్బైన్ ఎప్పుడు తిరగడం మొదలుపెట్టాలో, ఇంజిన్‌లోకి గాలిని ఎంతవరకు నెట్టవచ్చో ఆ హెచ్చుతగ్గులే నిర్ణయిస్తాయి. కాబట్టి వాటిలో ఒక్కటి ఊడినా ఇంజిన్ ఆగిపోకుండానే తప్పుడు ఆజ్ఞలతో నడుస్తుంది. కొన్ని సందర్భాల్లో తనను తాను పాడుచేసుకుంటుంది. బానెట్ కింద ఊడి వేలాడుతున్న గొట్టం ఎక్కడిదో గుర్తించి తిరిగి దాని చోట తగిలించడం చూడటానికి చిన్న మరమ్మతే అయినా, దాని వెనుక రబ్బరు పరిశ్రమ, కాలుష్య చట్టాలు, విమాన ఇంజిన్ల పరిశోధన కలగలిసిన శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది.

ఈ చరిత్రకు మూలవస్తువు రబ్బరు. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా మారి చలికి పెళుసెక్కేది. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడియర్ దానిని గంధకంతో కలిపి వేడి చేస్తే ఈ దోషం పోతుందని కనుగొని, 1844లో పేటెంటు పొందిన తరువాతే ఒత్తిడినీ వేడినీ తట్టుకునే గొట్టాలు సాధ్యమయ్యాయి. 1870లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో నెలకొన్న గుడ్‌రిచ్ సంస్థ తొలినాళ్లలో తయారుచేసిన ముఖ్య సరుకుల్లో అగ్నిమాపక దళాలు వాడే గొట్టం ఒకటి. మోటారు కార్లు వచ్చాక ఇదే పరిజ్ఞానం రేడియేటర్‌ను ఇంజిన్‌కు కలిపే నీటి గొట్టాలకు పనికివచ్చింది. అయితే గొట్టాన్ని లోహపు నిపుల్‌కు, అంటే గొట్టం తొడగడానికి బయటికి పొడుచుకు వచ్చే మొనకు, గట్టిగా పట్టి ఉంచడం చాలాకాలం ఇబ్బందిగానే మిగిలింది. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన లమ్లీ రాబిన్సన్ 1921లో పేటెంటు పొందిన జూబిలీ క్లిప్పు ఆ చిక్కును విప్పింది. మరలున్న స్క్రూ తిప్పితే ఉక్కు పట్టీ చుట్టూ సమానంగా బిగుసుకునే ఈ క్లిప్పు మూలసూత్రం మారకుండా నేటి గ్యారేజీల్లోనూ కొనసాగుతున్నది.

నీటి గొట్టాల పక్కనే గాలి గొట్టాలు చేరడానికి ఇంజిన్ స్వభావమే కారణం. పెట్రోలు ఇంజిన్‌లో పిస్టన్లు గాలిని లోపలికి లాగుతుండగా యాక్సిలరేటర్‌కు కట్టిన థ్రాటిల్ పలక ఆ దారిని అడ్డగిస్తుంది. దానితో పలకకు ఇంజిన్ వైపున, ఇన్‌టేక్ మానిఫోల్డ్ అనే గాలి పంపిణీ గదిలో, బయటి వాతావరణం కన్నా బాగా తక్కువ ఒత్తిడి ఏర్పడుతుంది. మెకానిక్కులు వాక్యూమ్ అని పిలిచే ఈ లోటు, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు సుమారు 450 నుంచి 550 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది. విడిగా ఖర్చేమీ లేకుండా దొరికే ఈ శక్తిని కార్ల తయారీదారులు తొందరలోనే వాడుకోవడం మొదలుపెట్టారు. వెనుక ట్యాంకు నుంచి పెట్రోలు లాగడానికి, అద్దం తుడిచే వైపర్లు ఆడించడానికి, 1920ల చివరి నుంచి బ్రేకుకు అదనపు బలం ఇవ్వడానికి, ఆ తరువాత ఇంజిన్ మీది భారాన్ని బట్టి నిప్పురవ్వ పడే సమయాన్ని మార్చడానికి సన్నని గొట్టాలు మానిఫోల్డ్ నుంచి బయలుదేరాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి వైపర్లు మందగించడం ఆ కాలపు డ్రైవర్లందరికీ అనుభవమే. అయితే అప్పటికి గొట్టాలు వేళ్ల మీద లెక్కించదగినన్నే ఉండేవి; ఒకటి ఊడితే దాని రెండో కొస ఎదురుగానే కనిపించేది గనుక దానిని గుర్తించడానికి ప్రత్యేక జ్ఞానమేమీ అవసరపడేది కాదు.

ఆ స్థితిని మార్చినది లాస్ ఏంజిలిస్ నగరపు పొగమంచు. ఆ నగరవాసుల కళ్లు మండించిన గోధుమరంగు పొర, కార్ల పొగలోని పదార్థాల మీద ఎండ పనిచేయడం వల్ల ఏర్పడుతున్నదని రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ 1950ల ఆరంభంలో నిరూపించాడు. దాని పర్యవసానంగా ఇంజిన్ అడుగుభాగంలో పోగయ్యే ఆవిరులను గాలిలోకి వదలకుండా తిరిగి మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ కవాటం 1961 మోడల్ కార్లతో కాలిఫోర్నియాలో ప్రవేశించింది. కొత్త కార్లు వెలువరించే కార్బన్ మోనాక్సైడ్‌నూ హైడ్రోకార్బన్లనూ 90 శాతం తగ్గించాలని 1970 నాటి అమెరికా స్వచ్ఛ వాయు చట్టం ఆదేశించగా, 1978లో జపాన్ నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో అంతే కఠినమైన ప్రమాణాలను అమలులోకి తెచ్చింది. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా, కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కవాటం, ఇంజిన్ వేడెక్కేవరకు వాక్యూమ్‌ను ఆపి ఉంచే ఉష్ణ కవాటం ఇలా వరుసగా వచ్చి చేరాయి. కంప్యూటర్ చిప్పులు ఇంకా ఖరీదుగానూ నమ్మకం చాలనివిగానూ ఉన్న ఆ రోజుల్లో, ఇంజినీర్లు ఈ పరికరాలన్నింటినీ వాక్యూమ్‌తోనే నడిపించవలసి వచ్చింది. రేకు డబ్బాలో పలుచని రబ్బరు పొరను బిగించి, ఆ పొరకు ఒక కడ్డీ తగిలించి, డబ్బాలో ఒత్తిడి మారినప్పుడల్లా కడ్డీ కదిలేలా చేసే యాక్చుయేటర్ ఆనాటి యంత్ర నియంత్రణకు పునాది అయింది.

గొట్టాలు పెరిగిన కొద్దీ వాటి జాడ తెలిపే పత్రం కూడా అవసరమైంది. 1970లలో మొదలై 1980ల నాటికి సాధారణమైన వాక్యూమ్ గొట్టాల పటం బానెట్ లోపలి వైపునో రేడియేటర్ పైనో అతికించిన చిన్న చీటీగా దర్శనమిస్తుంది. దానిలో ఇంజిన్ ఆకారం నామమాత్రంగానే ఉంటుంది. ప్రతి కవాటానికీ ఒక గుర్తు, ప్రతి గొట్టానికీ ఒక గీత, వాటి కలయికలు మాత్రం స్పష్టంగా గీసి ఉంటాయి. 1984లో కాలిఫోర్నియా కార్ల పొగ తనిఖీ పథకాన్ని ప్రారంభించినప్పుడు, గొట్టాలు ఈ పటం ప్రకారం ఉన్నాయా లేదా అని కంటితో చూసి నిర్ధారించడం కూడా తనిఖీలో భాగమైంది. అంతవరకు మెకానిక్కు చేతి అలవాటుగా ఉన్న జ్ఞానం ఆ విధంగా చట్టం గుర్తించే విషయంగా మారింది.

ఇదే కాలంలో టర్బోచార్జర్ మరో దారిలో నడచి కార్లలోకి వచ్చింది. ఇంజిన్ బయటికి నెట్టే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో తాజా గాలిని ఇంజిన్‌లోకి బలంగా నెట్టే ఈ పరికరానికి స్విస్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో పేటెంటు దరఖాస్తు చేశాడు. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ మాస్, పలుచని గాలిలోనూ విమాన ఇంజిన్ బలం తగ్గకుండా దీనితో కాపాడవచ్చని చూపడానికి లిబర్టీ ఇంజిన్‌ను కొలరాడోలో 14 వేల అడుగులకు పైబడిన పైక్స్ పీక్ శిఖరానికి చేర్చి పరీక్షించాడు. కార్ల విషయానికి వస్తే, 1962లో జనరల్ మోటార్స్ సంస్థ నుంచే వెలువడిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ మాంజా స్పైడర్ తొలి టర్బో కార్లుగా నిలిచాయి. జెట్‌ఫైర్‌లో ఇంజిన్ వేడిని అదుపుచేయడానికి నీరూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని చల్లే ఏర్పాటు ఉండేది. ఆ ద్రవపు ట్యాంకును టర్బో ఒత్తిడే నెట్టేది గనుక, ద్రవ నియంత్రణ భారం కూడా గొట్టాల మీదే పడింది. చాలామంది యజమానులు ద్రవం నింపడం మరచిపోవడంతో ఆ కారు రెండేళ్లకే మార్కెట్ నుంచి తప్పుకుంది.

టర్బోకు కళ్లెం వేయడమే అసలు సమస్య అని దీనితో తేలింది. పొగ ఎక్కువైతే చక్రం వేగం పెరుగుతుంది, చక్రం వేగం పెరిగితే గాలి ఎక్కువవుతుంది, గాలి ఎక్కువైతే మళ్లీ పొగ పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఈ వలయాన్ని తెంచకపోతే ఇంజిన్ నిలవదు. నిండిన చెరువు కట్ట తెగకుండా అదనపు నీటిని పక్కకు పంపే అలుగు వంటిదే వేస్ట్‌గేట్. గాలి ఒత్తిడి నిర్ణీత హద్దు దాటగానే కొంత పొగను చక్రానికి తగలకుండా పక్క దారిలో సైలెన్సర్ వైపు మళ్లిస్తుంది. ఆ తలుపును తెరిచే యాక్చుయేటర్‌కు ఒత్తిడి ఎంత ఉన్నదో తెలిపేది ఒక సన్నని రబ్బరు గొట్టమే. ఆ గొట్టం ఊడితే యాక్చుయేటర్‌కు ఒత్తిడి అందదు, తలుపు మూసుకొనే ఉంటుంది, టర్బో హద్దు దాటి గాలిని నెడుతూనే ఉంటుంది. వేల రూపాయల యంత్రభాగాల భద్రత కొద్ది రూపాయల గొట్టం మీద ఆధారపడి ఉండటం ఈ మరమ్మతు విద్యకు గాంభీర్యాన్ని తెచ్చిపెట్టింది.

1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, 1974 పారిస్ ప్రదర్శనలో పోర్షే 911 టర్బో, 1977లో సాబ్ 99 టర్బో రావడంతో యూరప్‌లో టర్బో కారు స్థిరపడింది. రోజువారీ ప్రయాణంలో తక్కువ వేగంలోనే పికప్ అందేలా చిన్న టర్బోనూ వేస్ట్‌గేట్‌నూ జోడించిన సాబ్, 1980ల ఆరంభంలో మరో అడుగు ముందుకు వేసి, ఇంజిన్‌లో పెట్రోలు తనంతట తాను పేలుతున్న చప్పుడును సెన్సర్‌తో పసిగట్టి టర్బో ఒత్తిడిని తగ్గించే ఏపీసీ పద్ధతిని ప్రవేశపెట్టింది. విద్యుత్తు అందినప్పుడు గాలి దారిని మార్చే సోలినాయిడ్ కవాటం దీనిలో కీలకం. సాబ్ ఇంజినీర్లు ఆ కవాటపు మూడు మొనల పక్కన సి, డబ్ల్యు, ఆర్ అనే అక్షరాలను ముద్రించారు. మొదటిది కంప్రెసర్ నుంచి ఒత్తిడి వచ్చే దారిని, రెండోది వేస్ట్‌గేట్‌కు పోయే దారిని, మూడోది మిగులు గాలి కంప్రెసర్ ముందరి గొట్టంలోకి తిరిగిపోయే దారిని సూచిస్తాయి. ఊడిన గొట్టం ఏదైనా సరే ఒత్తిడి పుట్టే చోటు, దానిని మలిచే చోటు, అది పనిచేసే చోటు అనే మూడింటి మధ్యనే ఉంటుందన్న పాఠాన్ని ఆ మూడు అక్షరాలు యంత్రం ఒంటి మీదనే రాసిపెట్టాయి.

టర్బో రాకతో గొట్టానికి మరో చిక్కు వచ్చిపడింది. మామూలు ఇంజిన్‌లో మానిఫోల్డ్ గొట్టాలను వాక్యూమ్ ఎప్పుడూ లోపలికే పీలుస్తుంది. టర్బో ఇంజిన్‌లో మాత్రం యాక్సిలరేటర్ వదిలినప్పుడు వాక్యూమ్, తొక్కినప్పుడు ఒత్తిడి అదే గొట్టంలో క్షణాల తేడాతో మారుతూ ఉంటాయి. పీల్పుకు నొక్కుకుపోకుండా, ఒత్తిడికి ఉబ్బి మొన నుంచి జారిపోకుండా గొట్టం రెండింటికీ నిలవాలి. బ్రేకు బూస్టర్‌లోకి ఒత్తిడి పోకుండా, వాక్యూమ్ నిలవచేసే డబ్బా ఖాళీ కాకుండా గాలిని ఒకే దిశలో పోనిచ్చే చెక్ వాల్వులను మధ్యలో అమర్చవలసి వచ్చింది. ఆ వాల్వును వెనుకా ముందూ తిప్పి బిగిస్తే, గొట్టాలన్నీ తమ తమ చోట్ల ఉన్నా పద్ధతి పనిచేయదు. కాబట్టి గొట్టం ఏ మొనకు చేరాలో తెలిసినంత మాత్రాన సరిపోక, దానిలో గాలి ఎటు పోవాలో కూడా తెలుసుకోవలసిన అగత్యం ఏర్పడింది.

గాలి గొట్టాలతో నియంత్రించే ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరిన కారు మాజ్డా ఆర్‌ఎక్స్-7 మూడో తరం. పిస్టన్లకు బదులు త్రికోణాకారపు రోటర్లు తిరిగే వాంకెల్ ఇంజిన్‌ను 1967లో కాస్మో స్పోర్ట్‌తో మార్కెట్‌కు తెచ్చిన ఈ హిరోషిమా సంస్థ, 1991లో 1,308 సీసీల ఇంజిన్‌కు రెండు టర్బోలను జోడించి 255 హార్స్‌పవర్ రాబట్టింది. ఒక పెద్ద టర్బో అయితే తిరగడానికి ఆలస్యం చేస్తుంది, ఒక చిన్న టర్బో అయితే అధిక వేగంలో చాలదు. కాబట్టి తక్కువ వేగంలో ఒకటే పనిచేసి, నిమిషానికి సుమారు 4,500 చుట్ల దగ్గర రెండోది జతకలిసే క్రమానుగత విధానాన్ని ఎంచుకున్నారు. 1986 నాటి పోర్షే 959లోనూ, 1990 నాటి యూనోస్ కాస్మోలోనూ కనిపించిన ఈ ఆలోచనను ఆర్‌ఎక్స్-7 స్పోర్ట్స్ కారు కొనే సాధారణ ఔత్సాహికుల దాకా తెచ్చింది.

రెండో టర్బో ఉన్నట్టుండి జతకలిస్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది కనుక, అది ముందుగానే తిరుగుతూ సిద్ధంగా ఉండాలి. దానికి కొద్దిగా పొగను వదిలే ప్రీకంట్రోల్ తలుపు ఒకటి, సమయం రాగానే పూర్తిగా పొగను వదిలే టర్బో కంట్రోల్ తలుపు మరొకటి, సిద్ధమవుతున్న కాలంలో రెండో టర్బో నెట్టే గాలిని వెనక్కు మళ్లించే చార్జ్ రిలీఫ్ కవాటం, చివరకు ఆ గాలిని ఇంజిన్‌కు కలిపే చార్జ్ కంట్రోల్ కవాటం, వీటన్నిటికీ తోడుగా వేస్ట్‌గేట్ పనిచేస్తాయి. కంప్యూటర్ ఆజ్ఞ ఇచ్చేది విద్యుత్తుతోనే అయినా, తలుపులను కదిలించే బలం మాత్రం ఒత్తిడిని ఒకదానిలో, వాక్యూమ్‌ను మరొకదానిలో నిలవచేసిన రెండు డబ్బాల నుంచి వస్తుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద కంటికి ఆనని చోట సోలినాయిడ్ల వరుస, వాటి మధ్య లోపలి వ్యాసం సుమారు 4 మిల్లీమీటర్లుండే గొట్టాలు పదుల సంఖ్యలో కిక్కిరిసి ఉంటాయి. ఇంగ్లీషు మాట్లాడే యజమానులు దీనికి ఎలుక గూడు అనే పేరు పెట్టుకున్నారు. కొన్ని గొట్టాల లోపల గాలి వేగాన్ని తగ్గించడానికి సన్నని రంధ్రమున్న చిన్న లోహపు బిళ్లలు కూడా ఉంటాయి. పాత గొట్టాన్ని పారేసి బిళ్ల లేని కొత్త గొట్టం తొడిగితే, పటం ప్రకారం అంతా సరిగానే కనిపిస్తూ టర్బో ఒత్తిడి మాత్రం అదుపు తప్పుతుంది.

ఈ యంత్రంలో లోపాన్ని పసిగట్టే పద్ధతి కూడా విలక్షణంగా రూపొందింది. సక్రమంగా ఉన్న ఆర్‌ఎక్స్-7లో టర్బో ఒత్తిడి చదరపు అంగుళానికి 10 పౌండ్లకు చేరి, రెండో టర్బో జతకలిసే క్షణంలో 8కి దిగి, వెంటనే తిరిగి 10కి ఎక్కుతుంది. ఈ 10-8-10 క్రమం తప్పితే, ఏ దశలో తప్పిందో చూసి ఏ గొట్టాన్ని అనుమానించాలో చెప్పవచ్చు. మొదటి దశలోనే ఒత్తిడి అందకపోతే, టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పోయే పెద్ద గొట్టాన్ని, రెండో దశలో బాగా పడిపోతే రెండో టర్బో తలుపుల గొట్టాలను, హద్దు దాటి పెరిగితే వేస్ట్‌గేట్, ప్రీకంట్రోల్ గొట్టాలను ముందుగా పరిశీలించాలి. చివరిది అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఒత్తిడి మితిమీరినప్పుడు కలిగే పేలుడు దెబ్బకు రోటర్ మూలల్లోని సన్నని సీళ్లు విరిగి ఇంజిన్ మొత్తం విప్పవలసి వస్తుంది.

గొట్టం ఊడి దారితప్పిన గాలి ఇంజిన్‌ను ఎలా బాధిస్తుందన్నది ఆ కారు గాలిని కొలిచే తీరును బట్టి ఉంటుంది. గాలి లోపలికి ప్రవేశించే చోటనే ప్రవాహాన్ని కొలిచే కార్లలో, కొలత తరువాతి గొట్టం ఊడితే టర్బో పనిచేసేటప్పుడు కొలిచిన గాలి బయటికి పోయి, లెక్క ప్రకారం పోసిన పెట్రోలు మిగిలిపోయి నల్లని పొగ వస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు కొలవని గాలి లోపలికి చొరబడి ఇంజిన్ తడబడుతుంది. ఆర్‌ఎక్స్-7 మాదిరిగా మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచే కార్లలో చొరబడిన గాలికి తగిన పెట్రోలు కూడా అందుతుంది కనుక, తడబాటుకు బదులు ఐడిల్ వేగం పెరుగుతుంది. ఈ తేడా ఎరిగిన మెకానిక్కు బానెట్ ఎత్తకముందే వెతకవలసిన చోటును సగం తేల్చుకుంటాడు.

పనిచేసే క్రమానికి కూడా కాలక్రమంలో ఒక నియమావళి ఏర్పడింది. గొట్టాలన్నిటినీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటిగా మార్చడం, విప్పే ముందు రెండు కొసలకూ ఒకే అంకె రాసిన చీటీ కట్టడం, ఊడిన కొస లోపలి అంచున మొన చేసిన గుండ్రని నొక్కును చూసి ఎంత లావు మొన మీద ఉండేదో అంచనా వేయడం, గొట్టం సహజంగా వంగిన తీరు ఎటు చూస్తున్నదో గమనించడం ఇందులో భాగాలు. వేడికి గట్టిపడిన రబ్బరు ఏళ్ల తరబడి ఉన్న వంపును వదలదు. పటం చెప్పని విషయాన్ని ఆ వంపు చెబుతుంది. తిరిగి తగిలించాక చేతి పంపుతో వాక్యూమ్ ఇచ్చి, పంపు కొలమానపు ముల్లు నిలకడగా ఉన్నదో లేదో, యాక్చుయేటర్ కడ్డీ కదిలిందో లేదో చూస్తేనే పని ముగిసినట్టు. పగిలిన కొసను కోసి మిగిలిన ముక్కనే తొడగడం తాత్కాలిక ఉపాయం మాత్రమే, ఎందుకంటే ఒకచోట పగిలిన గొట్టం మిగతా పొడవునా అదే వేడిని అనుభవించినదే.

వయసు మీరిన కార్లలో ఈ వేడి ప్రభావం సామూహికంగా బయటపడింది. ఎర్రగా కాగే టర్బోల పక్కనే బిగించిన రబ్బరు పదేళ్లు దాటేసరికి పెళుసెక్కి, ఒక గొట్టాన్ని సరిచేయబోతే పక్కది విరిగే స్థితికి వచ్చింది. దీనికి యజమానులు రెండు దారులు వెతుక్కున్నారు. కొందరు ఇన్‌టేక్ మానిఫోల్డ్ మొత్తం విప్పి, 1940లలో వాణిజ్యరూపం దాల్చిన సిలికోన్ రబ్బరు గొట్టాలను వేర్వేరు రంగుల్లో తెచ్చి, ఒత్తిడికి ఒక రంగు, వాక్యూమ్‌కు మరో రంగు కేటాయించుకొని తొడిగారు. మరికొందరు క్రమానుగత విధానాన్నే తీసివేసి రెండు టర్బోలూ ఎప్పుడూ కలిసి తిరిగేలా మార్చి, తక్కువ వేగంలో పికప్ తగ్గినా సరే గొట్టాల బెడద వదిలించుకున్నారు. రెండో దారి సులువే అయినా, ఆ కారు రూపకర్తల అసలు సాధనను అది తుడిచిపెట్టిందని చెప్పక తప్పదు.

ఈ గొట్టాల యుగాన్ని ముగించినవి కూడా కాలుష్య ప్రమాణాలే. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయిన ఓబీడీ-2 పద్ధతి, పొగను ప్రభావితం చేసే ప్రతి లోపాన్నీ కారే స్వయంగా పసిగట్టాలని కోరడంతో, తన స్థితిని తిరిగి తెలుపలేని గాలి గొట్టం కన్నా తీగతో నడిచే మోటారు మేలైనది అయింది. జపాన్‌లో కొత్త ప్రమాణాలు అమలులోకి రాగా, 2002 ఆగస్టులో ఆర్‌ఎక్స్-7తో పాటు సుప్రా, స్కైలైన్ జీటీ-ఆర్ వంటి టర్బో కార్ల ఉత్పత్తి కూడా నిలిచిపోయింది. నేటి టర్బో కార్లలో అనేకం వేస్ట్‌గేట్‌ను చిన్న విద్యుత్ మోటారుతో కదిలిస్తాయి. వాటిలో మిగిలినవి ముఖ్యంగా టర్బో నుంచి ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌కు గాలిని చేర్చే లావుపాటి గొట్టాలే. ఆ గొట్టాలు తెలుగునాట కూడా సుపరిచితాలు. లారీలు, జీపులు, డీజిల్ కార్లు టర్బోకు మారిన తరువాత, బండి లాగడం లేదు, నల్లపొగ వస్తున్నది, గాలి కూస్తున్నది అనే ఫిర్యాదుతో వచ్చిన వాహనానికి ఇంటర్‌కూలర్ హోస్ పైపునూ దాని క్లిప్పునూ ముందుగా తడిమి చూడటం విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల నిత్యకృత్యం.

పెద్ద గొట్టం లోపం చెవికి వినిపిస్తుంది, చేతికి తగులుతుంది. సన్నని గొట్టం లోపం ఆలోచనకు మాత్రమే అందుతుంది. యంత్రాన్ని గాలితోనే ఆలోచింపజేసిన ఒక తరం ఇంజినీర్లు తమ తర్కాన్ని రబ్బరులో రాసిపెట్టారు గనుక, దానిని చదవగలిగినవారు ఉన్నంతకాలమే ఆ కార్లు వారు తలపెట్టిన తీరులో నడుస్తాయి. ఆర్‌ఎక్స్-7 పాత తరాలకు విడిభాగాలను మళ్లీ అందిస్తామని 2020 చివరలో మాజ్డా ప్రకటించడం ఈ వారసత్వానికి దొరికిన గౌరవమే. అయితే కొత్త గొట్టాన్ని కర్మాగారం పంపగలదు గానీ, అది ఏ ఒత్తిడిని ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని కోసం తీసుకుపోతున్నదో తెలుసుకొని తొడిగే నేర్పు పనిచేసే మనిషి దగ్గరే ఉండాలి. పాత కార్లను అద్దాల గదుల్లో భద్రపరచడం మీద చూపే శ్రద్ధలో కొంతైనా ఈ నేర్పును రాసి ఉంచడం మీద, వయసు మళ్లిన మెకానిక్కుల నుంచి కుర్రవారికి అందించడం మీద చూపడం న్యాయం.